అచ్చులో ఒదగని బొమ్మ

తెలుగులో ‘అచ్చు’ అనే మాటకు చాలా అర్థాలున్నాయి. అక్షరమాలలో హల్లుకు ప్రాణం పోసేది అచ్చు. రచయిత రాసినదాన్ని పదిమందికీ చేర్చేది అచ్చు. ఒకే ఆకారాన్ని వందసార్లు తీసి ఇచ్చేదీ అచ్చే. ఈ మూడో అర్థాన్నే మనం ‘మూస’ అనే మాటతో సాహిత్య విమర్శలోకి తెచ్చుకుని, నచ్చని రచనను ‘మూస కథ’ అని కొట్టిపారేస్తుంటాం. ఇక్కడ చెప్పబోయేది ఒక మట్టిబొమ్మ గురించి. సుమారు వంద సంవత్సరాల క్రితం ఆ బొమ్మను అచ్చు దాదాపు మింగేసింది. ఒక ముసలామె చేతివేళ్ళ మధ్య అది బతికింది. అది ఎలా బతికింది, బతికి ఏం పోగొట్టుకుంది అన్న ప్రశ్నలు బొమ్మలు చేసేవాళ్ళకు ఎంత ముఖ్యమో రచయితలకూ అంతే ముఖ్యం.

ముందు ఒక అపోహను పక్కకు పెట్టాలి. బాల్యకల్పన అనగానే మనలో చాలామందికి ఒక పోగొట్టుకున్న స్వర్గం గుర్తుకొస్తుంది. పసిమనసు తెల్లకాగితమనీ, లోకం దాన్ని మురికి చేస్తుందనీ, కళాకారుడు జీవితమంతా ఆ నిర్మలత్వాన్నే వెతుక్కుంటాడనీ ఒక వాదం వుంది. భావకవిత్వపు వారసత్వంగా అది నేటికీ మన మధ్య తిరుగుతూనే వుంది. దీనికి ఎదురుగా అభ్యుదయ శిబిరంలో ఇంకో పొరపాటు వుంది. కల్పన అంటే పలాయనమనీ, పిల్లల ఊహలూ బొమ్మలూ జీవన పోరాటానికి పనికిరాని కాలక్షేపమనీ మనలో కొందరు పైకి అనకపోయినా లోపల అనుకుంటారు. పైకి విరుద్ధంగా కనిపించే ఈ రెండు వాదాలూ ఒకచోట కలుస్తాయి. కల్పనకూ అనుభవానికీ, కల్పనకూ శ్రమకూ సంబంధం లేదని రెండూ నమ్ముతాయి. ఆ నమ్మకం ఎంత తప్పో తెలుసుకోవడానికి మట్టిబొమ్మ మంచి ఉదాహరణ. ఎందుకంటే మట్టిలో కల్పనను చేతితో తాకి చూడవచ్చు.

రష్యాలో వ్యాత్కా నది ఒడ్డున వ్యాత్కా అనే పాత నగరం వుంది. 1934లో దాని పేరు కీరొవ్‌గా మార్చారు. నదికి ఆవలి ఒడ్డున, నగరానికి ఎదురుగా దిమ్కొవో అనే పేట వుంది. ఈ పేట ఆడవాళ్ళు తరతరాలుగా మట్టిబొమ్మలు చేశారు. ఆ బొమ్మల వెనుక ఒక పండుగ వుంది. పూర్వం ఒక రాత్రి చీకట్లో పొరుగు నగరం నుంచి సాయం వచ్చినవాళ్ళను శత్రువులనుకుని వ్యాత్కా ప్రజలు వాళ్ళతో తలపడ్డారనీ, తెల్లవారాక చూస్తే అయినవాళ్ళే చచ్చిపడి వున్నారనీ ఐతిహ్యం. ఆ మృతుల జ్ఞాపకార్థం ఏటా వసంతంలో పొద్దున ప్రార్థన చేసేవారు. తరువాత సంబరం మొదలయ్యేది. చిన్నా పెద్దా అందరూ మట్టి ఈలలు ఊదుకుంటూ తిరిగేవారు. ఆ పండుగకు ‘ఈలల నాట్యం’ అనే అర్థం వచ్చే పేరు వుంది. చలికాలమంతా దిమ్కొవో ఆడవాళ్ళు చేసిన బొమ్మలూ ఈలలూ ఆ సంతలో అమ్ముడుపోయేవి.

జర్మన్ మార్క్సిస్టు విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ 1926 డిసెంబరు నుంచి సుమారు రెండు నెలలు మాస్కోలో వున్నాడు. అక్కడి బొమ్మల మ్యూజియం చూశాడు, సంతల్లో బొమ్మలు కొన్నాడు, తరువాత వాటి గురించి రాశాడు. బంతి, గాలిపటం, గిలక వంటి పాత ఆటవస్తువులు చాలావరకు మొదట పూజకు సంబంధించిన వస్తువులనీ, పెద్దలు వాటిని పిల్లలకు అప్పగిస్తే పిల్లలు తమ ఊహాశక్తితో వాటిని ఆటబొమ్మలుగా మార్చుకున్నారనీ ఆయన వాదించాడు. వ్యాత్కా ఈలను ఈ వెలుగులో చూడవచ్చు. పెద్దలకు అది మృతుల జ్ఞాపకం. పిల్లవాడి చేతికి వచ్చేసరికి అది కూసే కోడి, ఈలవేసే పొట్టేలు. ఆ మార్పు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒక సమాజం తన దుఃఖాన్ని పిల్లల చేతికిస్తే, పిల్లలు దాన్ని మరోవిధంగా వాడుకున్నారు.

ఇక బొమ్మ ఎలా తయారవుతుందో చూద్దాం. స్థానికంగా దొరికే ఎర్ర బంకమట్టిలో నది ఇసుక కలిపి బాగా పిసుకుతారు. మట్టిని ముద్దలుగా చేసి, ముద్దను అరచేతుల మధ్య రొట్టెలా అదుముతారు. ఆ రొట్టెను చుట్టి గరాటులాగా నిలబెడితే అది ఆడబొమ్మ పావడా. లోపల బోలు, అడుగున వెడల్పు. కాబట్టి బొమ్మ పడిపోకుండా నిలుస్తుంది. దానిమీద నడుమూ, ఉండచుట్టిన తలా, సన్నగా పేనిన చేతులూ అతుకుతారు. అతుకుల్ని తడిగుడ్డతో నునుపు చేస్తారు. తరువాత కుచ్చులు, టోపీ, చేతిసంచీ, చంకలో బిడ్డ. ఇక్కడ కుమ్మరి సారె లేదు, అచ్చు లేదు. బొమ్మను నీడలో ఆరబెట్టి, పూర్వకాలంలోనైతే ఇంటి పొయ్యిలోనే కాల్చేవారు. కాలిన ఎర్రబొమ్మకు వెన్నతీసిన పాలలో కలిపిన సుద్దతో తెల్లపూత పూస్తారు. పాలు విరిగి గట్టిపడి సుద్దను పట్టివుంచుతాయి. ఆ తెలుపుమీద కోడిగుడ్డులో కలిపిన రంగులు వేస్తారు. చుక్కలు, సున్నాలు, గళ్ళు, అలలవంటి గీతలు—ఇవే అలంకారాలు. పూర్వం కుంచె కూడా లేదు. పుల్లకు గుడ్డపేలిక చుట్టి రంగు అద్దేవారు. చివరికి సన్నని బంగారు రేకు ముక్కలు అక్కడక్కడా అంటిస్తారు.

ఈ పనిలో ఖరీదైన సామగ్రి ఏముందో వెతికి చూడండి. మట్టి, ఇసుక, సుద్ద, పాలు, గుడ్డు, పాతగుడ్డ. బంగారు రేకును పక్కనబెడితే, రంగులు తప్ప మిగిలినవన్నీ ఒక పేద ఇంటి వాకిట్లోనూ వంటింట్లోనూ దొరికేవే. ఇది వంటింటిలో పుట్టిన శిల్పం. రొట్టె అదిమిన చేతులే పావడాను అదిమాయి. కల్పనకు శ్రమతో సంబంధం లేదనేవాళ్ళు ఈ ఒక్క విషయం ఆలోచిస్తే చాలు.

ఈ చేతుల్లో ఒక జత అన్నా మెజ్రినావి. ఆమె 1853లో దిమ్కొవోలోనే పుట్టింది. పిల్లగా వున్నప్పుడే తల్లి దగ్గర ఈ పని నేర్చుకుంది. అంటే మట్టి ఆమెకు ఆటా అయింది, ఇంటి సంపాదనా అయింది. ఇక్కడ మనం జాగ్రత్తగా వుండాలి. ఆడుకోవలసిన వయసులో పనిచెయ్యవలసి రావడాన్ని అందంగా చిత్రించడం మన పని కాదు. కాని ఆ పనిలో ఆ పిల్ల ఏం చూసింది, ఏం చేసింది అన్నదాన్ని దయతో చెరిపెయ్యడం కూడా అన్యాయమే.

ఆ సంప్రదాయంలో ముఖ్యమైన బొమ్మలు చూడండి. గొడుగు పట్టుకుని, ఉబ్బిన పావడాతో, మెడ బిగించి నిలబడిన పట్నపు దొరసాని. ఆమె బిడ్డను ఎత్తుకుని నిలబడిన దాది. భుజంమీద కావడి వేసుకుని రెండు బక్కెట్లతో నీళ్ళు మోసుకొచ్చే ఆడమనిషి. గుర్రంమీద రౌతు. బంగారు కొమ్ముల పొట్టేలు. తోక విప్పిన టర్కీ కోడి. వీటిని వరుసగా పెట్టి చూస్తే ఒక సంగతి తడుతుంది. టర్కీ కోడి తోకా దొరసాని పావడా ఒకే గళ్ళతో, ఒకే చుక్కలతో వుంటాయి. ఇద్దరి నిలకడలోనూ ఒకే డాబు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. రెండు ఆకారాల్ని పక్కపక్కన నిలబెట్టారు, అంతే.

సాహిత్య విద్యార్థులకు ఇక్కడ ఒక పోలిక గుర్తుచెయ్యాలి. ప్రసిద్ధ వ్యంగ్య రచయిత సల్తికొవ్ షెద్రిన్‌ను జారు ప్రభుత్వం 1848లో ఇదే వ్యాత్కాకు పంపించివేసింది. 1855 దాకా ఆయన అక్కడే వుండవలసి వచ్చింది. ఆయనకు పేరు తెచ్చిన రేఖాచిత్రాలు 1856–57లో వెలువడ్డాయి. నగరానికి క్రుతోగొర్స్క్ అని మారుపేరు పెట్టినా, అందులోని అధికార్లూ, వాళ్ళ భార్యలూ, వాళ్ళ లంచాలూ, వాళ్ళ డాబూ వ్యాత్కాలో ఆయన చూసినవే. నదికి ఈవల ఒక చదువుకున్న రచయిత గద్యంలో ఏ మనుషుల్ని ఎండగట్టాడో, నదికి ఆవల అక్షరం లేని ఆడవాళ్ళు ఆ మనుషుల్నే మట్టిలో నవ్వులపాలు చేశారు. షెద్రిన్ మీద వందల వ్యాసాలున్నాయి. ఆ ఆడవాళ్ళలో చాలామంది పేర్లు కూడా మిగలలేదు. సాహిత్య చరిత్ర ఎవరి చేత రాయబడుతుంది అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

అయితే కోడినీ దొరసానినీ కలపడం ఎలా సాధ్యమైంది? దీనికి శాస్త్రీయమైన సమాధానం సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ విగోత్స్కీ (1896–1934) ఇచ్చాడు. పిల్లల ఊహాశక్తి గురించి 1930లో వెలువడిన పుస్తకంలో ఆయన రష్యన్ జానపద కథల్లోని కోడికాళ్ళ గుడిసెను ఉదాహరణగా తీసుకున్నాడు. అలాంటి గుడిసె లోకంలో ఎక్కడా లేదు. కాని గుడిసె వుంది, కోడికాళ్ళు వున్నాయి. కల్పన చేసిందల్లా వాటిని కలపడం. కనుక ఎంత విచిత్రమైన ఊహకైనా ముడిసరుకు వాస్తవమే. అనుభవం ఎంత విస్తృతమైతే కల్పనకు అంత సామగ్రి దొరుకుతుంది. దీన్నుంచి ఆయన చాలామందిని ఆశ్చర్యపరిచే నిర్ణయానికి వచ్చాడు: పిల్లవాడి కల్పన పెద్దవాడి కల్పన కంటే సంపన్నమైనది కాదు, పేదది. పిల్లవాడు తన ఊహను ఎక్కువగా నమ్ముతాడు, దాన్ని అదుపుచేసుకోడు; అందుకే అది మనకు గొప్పగా కనిపిస్తుంది. కల్పన పండేది అనుభవం పండినప్పుడే.

మెజ్రినా విషయంలో ఈ సూత్రాన్ని పరీక్షించి చూడవచ్చు. బాల్యంలో చూసిన దొరసానుల్ని ఆమె ఎనభయ్యో పడిలో కూడా చేస్తూనే వుంది. ఆ బొమ్మ బాల్యంలోకి తిరిగి పారిపోవడం కాదు. పిల్లప్పుడు చూసిందాన్ని జీవితమంతా మళ్ళీ మళ్ళీ పిసికి, ప్రతిసారీ కొంచెం మార్చి నిలబెట్టడం. ‘బాల్యకల్పన నుంచి పుట్టిన బొమ్మ’ అనే మాటకు సరైన అర్థం ఇదే.

ఇప్పుడు అచ్చు సంగతి. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో వ్యాత్కా మార్కెట్టులోకి జిప్సంతో పోతపోసిన బొమ్మలు వచ్చాయి. అచ్చు ఒకసారి చేసుకుంటే చాలు. పొడి కలిపి పొయ్యడం, గట్టిపడ్డాక తియ్యడం, రంగు వెయ్యడం. పని త్వరగా అవుతుంది, బొమ్మ నాజూకుగా వుంటుంది, పట్నపు ఇళ్ళలో అలంకారానికి పనికొస్తుంది. దిమ్కొవో కుటుంబాలు కూడా ఒకటొకటిగా పోతబొమ్మలకు మారాయి. వాళ్ళను తప్పుపట్టడానికి మనకేం హక్కుంది? ఆకలి తీరాలి. చేతిబొమ్మను చంపింది యంత్రం కాదు. జిప్సం అచ్చు యంత్రం కూడా కాదు. చేతిబొమ్మకు పట్టిన సమయానికి మార్కెట్టు విలువ కట్టలేదు. బొమ్మ సరుకయ్యాక, దాన్ని చేసే మనిషి నిర్ణయాలన్నీ వృథాఖర్చులుగా కనిపిస్తాయి. దొరసాని మెడ ఈసారి ఎంత వంచాలి, దాది ముఖంలో విసుగు వుండాలా వద్దా అన్న నిర్ణయాల్ని అచ్చు ఒకేసారి తీసేసుకుంటుంది. ఆ తరువాత పనివాడికి మిగిలేది పొయ్యడమే. 20వ శతాబ్దం మొదటికి చేతితో మట్టిబొమ్మ చేసేవాళ్ళలో దాదాపుగా మెజ్రినా ఒక్కతే మిగిలింది.

ఆ సమయంలో అలెక్సీ దేన్షిన్ (1893–1948) అనే వ్యాత్కా యువ చిత్రకారుడు ఆమె పనిని గుర్తించాడు. ఆమె దగ్గర బొమ్మలు సేకరించాడు, పద్ధతి అంతా రాసుకున్నాడు, బొమ్మల్ని చిత్రించాడు. 1917లో, 1919లో, 1926లో మూడు ఆల్బములు తెచ్చాడు. కాలం చూడండి: విప్లవం, అంతర్యుద్ధం, కరువు. అలాంటి రోజుల్లో మట్టిబొమ్మల పుస్తకం ఎందుకని ఎవరైనా అడిగివుండవచ్చు. కాని ప్రజల చేతుల్లో ఏం వుందో తెలియకుండా ప్రజల సంస్కృతిని నిర్మిస్తామనడం వట్టిమాట. ఆ ఆల్బములలో బొమ్మలకు ఆయన తన చేతితోనే రంగులు వేశాడు. చేతిపనిని అచ్చు నుంచి కాపాడడానికి ఆయన అచ్చునే ఆశ్రయించాడు. ఆ అచ్చుమీద మళ్ళీ చేతిని వుంచాడు.

1933లో ఆయన చొరవతో బొమ్మలు చేసే ఆడవాళ్ళు ఒక సహకార సంఘంగా ఏర్పడ్డారు. మెజ్రినా 1938లో చనిపోయింది. అప్పటికి ఆమె కూతుళ్ళూ, మరికొందరూ పనిలో వున్నారు. ఇంటికే పరిమితమై, పేరు లేకుండా, సంత రోజున అమ్ముకోవలసివచ్చిన పనికి సంఘం వచ్చింది, చేసినవాళ్ళకు పేరు వచ్చింది, కొత్తవాళ్ళు నేర్చుకున్నారు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయిన తరువాత కూడా అక్కడ ఈ బొమ్మను చేతితోనే చేస్తున్నారు.

ఇంతటితో ఆపితే ఇది శుభాంతమైన కథ అవుతుంది. కాని వాస్తవంలో ఇంకో ముఖం వుంది. బొమ్మ బతికింది, దాన్ని ఆడుకునే పిల్లవాడు దూరమయ్యాడు. సంతలో కొనుక్కుని, ఊదుకుని, పగలగొట్టుకునే ఈల క్రమంగా మ్యూజియం అద్దాల వెనక్కీ, కొనగలవాళ్ళ ఇళ్ళలో అలమారల్లోకీ పోయింది. కాపాడడం అన్న పనిలో ఈ వైరుధ్యం ఎప్పుడూ వుంటుంది. ప్రజాకళను కాపాడేవాళ్ళు మొదట దాని రూపాన్ని కాపాడతారు. ఆ రూపం ఏ జీవితంలో పనిచేసిందో ఆ జీవితం చేజారిపోతుంది. అప్పుడు చేతితో చేసినదైనా బొమ్మ మరో రకమైన అచ్చులో పడే ప్రమాదం వుంది. ‘సంప్రదాయం’ అనే అచ్చు అది.

దీనికి సమాధానం ఎక్కడుంది? ఒక జవాబు యూరీ వాస్నెత్సోవ్ (1900–1973) జీవితంలో దొరుకుతుంది. ఆయన వ్యాత్కాలోనే పుట్టాడు, ఈ బొమ్మల మధ్య పెరిగాడు. పెద్దయ్యాక పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేశాడు. ఆ పుస్తకాల్లోని కోళ్ళూ, గుర్రాలూ, ఎలుగుబంట్లూ దిమ్కొవో బొమ్మల రంగుల్నీ, గళ్ళనీ, హాస్యాన్నీ తెచ్చుకున్నాయి. లాలిపాటల పుస్తకాల బొమ్మలకు ఆయనకు 1971లో సోవియట్ రాజ్య బహుమతి వచ్చింది. ఆ పుస్తకాలు లక్షల ప్రతుల్లో అచ్చయి పిల్లల చేతుల్లోకి వెళ్ళాయి. మాస్కోలో తెలుగులో అచ్చయి విశాలాంధ్ర దుకాణాల్లో దొరికిన పిల్లల పుస్తకాలతో పెరిగిన తరం మనలో వుంది. అచ్చయిన బొమ్మ పసివాడికి ఏమివ్వగలదో ఆ తరానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అంటే అచ్చు దానంతటది శత్రువు కాదు. అచ్చులోకి వెళ్ళేముందు ఒక మనిషి తన చూపుతో నిర్ణయాలు చేశాడా లేదా అన్నదే ప్రశ్న.

మన దగ్గరికి వద్దాం. తెల్లపొణికి చెక్కతో చేసే కొండపల్లి బొమ్మల్లో దశావతారాలున్నాయి. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు కూడా వున్నాడు. వ్యాత్కా కావడి ఆడమనిషికి అతడు చుట్టమే. కాని మన విమర్శలో ఈ బొమ్మల ప్రస్తావన ఎంత వుంది? సంక్రాంతి కొలువులో మెట్లమీద పెట్టి పేరంటానికి పిలవడానికీ, అతిథికి బహుమతి ఇవ్వడానికీ పనికొచ్చే వస్తువులుగానే వాటిని చూశాం. చేసిన చేతికి మన సమాజం కులం పేరు ఇచ్చిందిగాని కళాకారుడనే పేరు ఇవ్వలేదు. కుమ్మరి మొల్ల అని ఒక కవయిత్రిని గౌరవంగా తలుచుకుంటాం. ఆ పేరులోని మొదటి మాటకు వెనుకవున్న మట్టిపనిని సౌందర్య సృష్టిగా ఎన్నడైనా చర్చించామా? అక్కడ నది ఆవలి ఒడ్డుకు ఒక దేన్షిన్ వెళ్ళాడు. మన ఊళ్ళలో కుమ్మరివాడ దాకా వెళ్ళి కూర్చున్న రచయితలెందరు?

చివరగా మన రచన సంగతి. బూర్జువా సాహిత్యంలో మూసలున్నాయని చెప్పడం తేలిక. మన మూసల మాటేమిటి? మొదటి పేరాలోనే చెడ్డవాడని తెలిసిపోయే భూస్వామి, కథ చివర పిడికిలి బిగించే కూలీ, వాళ్ళిద్దరి మధ్య ఏ అనుభవమూ లేకుండా నడిచే సంభాషణ—ఇవి కూడా జిప్సం బొమ్మలే. నీళ్ళు మోసే ఆడమనిషి మీద సానుభూతి వుంటే సరిపోదు. కావడి బరువుకు ఆమె భుజం ఏ వైపు వాలుతుందో చూసివుండాలి. దొరసానిమీద కోపం వుంటే సరిపోదు. ఆమె నిలకడ ఏ కోడిని పోలివుందో పట్టుకోగలగాలి. మెజ్రినాకు సిద్ధాంతం తెలియకపోవచ్చు, చూపు తెలుసు. మనకు సిద్ధాంతం తెలుసు. దాన్ని చూపుగా మార్చుకునే శ్రమను చాలాసార్లు తప్పించుకుంటున్నాం. ఇతివృత్తం సరైనదైతే రూపం దానంతటదే వస్తుందని సర్దిచెప్పుకుంటున్నాం.

పిల్లలకోసం రాసేవాళ్ళకు ఈ మాట మరింత వర్తిస్తుంది. పిల్లలకు నీతినో, నినాదాన్నో పోతపోసి ఇవ్వడం మానుకుని, వాళ్ళు రోజూ చూస్తున్న లోకాన్ని వాళ్ళ చేతికే ఇవ్వాలి: ఇంటి వాకిలి, బోరింగు దగ్గర బారులు, అమ్మ పనిచేసే ఇళ్ళు, బడిలో వెనకబెంచీ. వాటితో వాళ్ళు ఏం కలుపుతారో, ఏ గుడిసెకు ఏ కాళ్ళు అతుకుతారో అది వాళ్ళ పని. కల్పన పేదది కాకుండా వుండాలంటే అనుభవం పేదది కాకూడదని విగోత్స్కీ చెప్పాడు. ఆ అనుభవాన్ని పిల్లలకు అందుబాటులోకి తేవడం, దాన్ని చూడడం నేర్పించే కథలు రాయడం మన బాధ్యత. అందుకు ముందుగా మన చేతులకు కొంత మట్టి అంటుకోవాలి.